రెండో జాబితాలోని పిల్ల

మొన్న బుధవారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు గవర్నర్‌పేటలో కరెంటు వచ్చింది. అప్పటికి ముప్పావుగంటగా నేను ఒక జిరాక్సు షాపులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాను. మా బి.ఇడి. కాలేజీలో పనిచేసేవాళ్ళందరూ తమ పిహెచ్‌డి థీసిస్‌లను స్కాన్ చేయించి ఇవ్వాలని ప్రిన్సిపాల్‌గారు నోటీసు పెట్టారు. త్వరలో తనిఖీకి వస్తారట. వచ్చినవాళ్ళు వాటిని చదువుతారని కాదు, ఉన్నాయో లేదో చూసుకుంటారు. నా సొంత ప్రతి పటమటలో ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. అందుకని మా పెద్దమ్మ దగ్గర ఉన్న ప్రతిని తీసుకెళ్ళాను. పెద్దమ్మ పోయి పదకొండు నెలలైంది. పామర్రులో ఆవిడ ఉన్న అద్దె వాటా ఖాళీ చేసేటప్పుడు మా అన్నయ్య ఆవిడ పుస్తకాలను రెండు అట్టపెట్టెల్లో కట్టి నాకు పంపాడు. థీసిస్ రెండో పెట్టె అడుగున ఉంది. కరెంటు రాగానే షాపావిడ పేజీలు తిప్పడం మొదలుపెట్టి, సగం దాటాక ఒకచోట ఆగింది.

"మేడంగారూ, ఈ టేబుల్ పక్కన పెన్సిల్‌తో ఎవరిదో పేరు రాసుందండి. రబ్బరుతో తుడిచెయ్యమంటారా? నీటుగా వస్తది."

"వద్దమ్మా, ఉండనివ్వండి."

"ఆఫీసోళ్ళు ఏవన్నా అంటారేమోనండి."

"అననివ్వండి," అన్నాను. ఆవిడ నా మొహం చూసి పేజీ తిప్పింది.

ఆ పుస్తకంలో పిల్లల పేర్లు ఎక్కడా ఉండకూడదు. అది నియమం, మంచి నియమమే. అందరూ నంబర్లుగానే ఉంటారు. మొదటి జాబితాలో ఒకటి నుంచి పదమూడు దాకా, రెండో జాబితాలో పద్నాలుగు నుంచి ఇరవై ఆరు దాకా. పెన్సిల్ పేరు పంతొమ్మిదో నంబరు పక్కన, తెలుగులో, పెద్దమ్మ గుండ్రటి చేతిరాతలో ఉంది. అది అక్కడ ఉందని నాకు ఆ నిమిషం దాకా తెలియదు.

నేను పరిశోధనలోకి వెళ్ళింది జ్ఞానం మీద దాహంతో కాదు. డాక్టరేటు లేకపోతే ఉద్యోగం నిలవదని మా కాలేజీలో చెప్పారు కాబట్టి వెళ్ళాను. అప్పటికి ఎనిమిదేళ్ళుగా నేను ఎడ్యుకేషనల్ సైకాలజీ పాఠం చెబుతున్నాను. అందులో చదవడం రాని పిల్లల గురించి ఒక అధ్యాయం ఉంది. తెలివి ఉండి, చూపూ వినికిడీ బాగుండి, రోజూ బడికి వస్తూ కూడా అక్షరాలు కలిపి చదవలేని పిల్లల గురించి. ఏటా ఆ అధ్యాయాన్ని జనవరిలో చెప్పి ఫిబ్రవరిలో పరీక్ష పెట్టేదాన్ని. ఆ ఎనిమిదేళ్ళలో అటువంటి పిల్ల పక్కన కూర్చుని ఒక్క పేజీ చదివించిన పాపాన పోలేదు.

మా గైడుగారు పద్ధతి గల మనిషి. ఎవరు ఏ అధ్యాయం పట్టుకెళ్ళినా ముందు చివరి పేజీలు తిప్పి, చూసిన పుస్తకాల పట్టిక చదివి, కామాలు దిద్దేవారు. అసలు అధ్యాయం తర్వాత, వీలైతే. ఆయన దగ్గర నాకంటే ముందు చేరిన ఒక సీనియర్ అక్క మొదటి రోజే నన్ను క్యాంటీనుకు తీసుకెళ్ళి జాగ్రత్తలు చెప్పింది. "గైడు దగ్గరికి చాప్టరుతో వెళ్ళు, బత్తాయిలతో వెళ్ళు. సమస్యతో మాత్రం వెళ్ళమాక. నీ సమస్య ఆయనకి చెప్పావంటే అది ఇంకో ఏడాది పడుద్ది." మేమంతా ఆ మాటను పాటించాం. నాలుగేళ్ళలో నేను ఆయనకు ఇచ్చిన బత్తాయిలు ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది. అడగని ప్రశ్న ఒకటి ఉంది. దానికి నవ్వు రాదు.

అంశం దొరక్క ఏడాది గడిచాక, ఒక ఆదివారం పామర్రు వెళ్ళి పెద్దమ్మ వరండాలో కూర్చున్నప్పుడు అది నా కళ్ళెదుటే కనిపించింది. పెద్దమ్మ మా అమ్మకు అక్క. అక్కడే ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసి రిటైరైంది. పెదనాన్న ముందే పోయాడు, పిల్లలు లేరు. రిటైరైన వారం నుంచే సాయంత్రం ఐదింటికి వీధి తలుపు తీసి చాప పరిచేది. చదవడం రాని పిల్లలెవరైనా వచ్చి కూర్చోవచ్చు. రుసుము లేదు, పేర్ల పుస్తకం లేదు. దారినపోయే పిల్లల్ని కూడా "ఏరా, ఈ కార్డు చదువు చూద్దాం" అని పిలిచేది. చదవగలిగినవాణ్ణి పొమ్మనేది, చదవలేనివాణ్ణి కూర్చోమనేది.

కార్డు అంటే శుభలేఖ. ముప్పై ఐదేళ్ళ ఉద్యోగంలో ఊళ్ళో ప్రతి పెళ్ళికీ ఆవిడకు శుభలేఖ అందేది. ఒక్కటి కూడా పారేయలేదు. బీరువా కింది అర నిండా అవే ఉండేవి. పసుపు అంటినవి, బంగారు అంచువి, వినాయకుడి బొమ్మ ఊడిపోయినవి. పాఠ్యపుస్తకం చూస్తే బిగుసుకుపోయే పిల్లల చేత ఆవిడ శుభలేఖలు చదివించేది. "వాచకంలో ప్రతి పేజీ కొత్తదేనే. పేజీ తిప్పినప్పుడల్లా మళ్ళీ ఓడిపోతాడు. కార్డు అట్లా కాదు. ఒకటి వచ్చిందంటే అన్నీ వచ్చినట్టే. పేర్లూ, ఊళ్ళూ మారతాయంతే," అనేది. 'బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి' అనేంత పొడుగు మాటను, 'పలక' చదవలేని పిల్లవాడు గడగడా చదవడం నేను చూశాను. పదో కార్డుకు పేర్లు కూడా కూడబలుక్కోవడం మొదలుపెట్టేవాళ్ళు. ఇంకో చిన్న పద్ధతి ఉండేది. పాత కార్డు ఒకదాన్ని నిలువుగా కత్తిరించి, ఆ ముక్కను చదివే వరస కింద పెట్టించేది, కళ్ళు కింది వరసలోకి జారకుండా. ఇరవై ఏళ్ళు ఇలా చేసింది. దానికి ఒక పేరుంటుందని ఆవిడకు తెలియదు. నేను పెట్టాను. గైడుగారు శుభలేఖలని రాస్తే వైవాలో నవ్వుతారన్నారు కాబట్టి, ఇంగ్లీషులో తొమ్మిది మాటల పేరు పెట్టాను. అది చదివి వినిపిస్తే పెద్దమ్మ చాలాసేపు నవ్వింది. "మా వరండాకేనా ఇంత పేరు? ఓనరు వింటే అద్దె పెంచుతాడు," అంది.

ఒక పద్ధతి పనిచేస్తుందని నిరూపించాలంటే అది అందినవాళ్ళనూ అందనివాళ్ళనూ పోల్చాలి. నేను రెండు బళ్ళలో నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు పరీక్ష పెట్టి, చదవలేనివాళ్ళను ఇరవై ఆరుగురిని ఎంచాను. స్టాప్‌వాచీ నొక్కి చదివిస్తుంటే ఒక పిల్లవాడు ప్రతిసారీ "ఎవరు గెలిచారు టీచర్?" అని అడిగేవాడు. సగంమందికి నవంబరు నుంచి మార్చి దాకా పెద్దమ్మ చెప్పాలి. మిగతా సగానికి ఆ ఐదు నెలలూ చెప్పకూడదు, వేసవిలో చెప్పాలి. ఎవరు ఏ జాబితాలోకి వెళ్ళాలో చీటీలు వేసి తేల్చాలి. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే, తప్పు పట్టడానికి లేదు. నేను చేసిన తప్పు, అప్పటికే పెద్దమ్మ వరండాకు వస్తున్న పిల్లల్ని కూడా చీటీల్లో కలపడం. ఇరవై ఆరు నిండాలి కదా అనుకున్నాను.

పెద్దమ్మ ముందు ఒప్పుకోలేదు. "వచ్చిన పిల్లని పొమ్మనాలా?"

"పొమ్మనడం కాదు పెద్దమ్మా. ఐదు నెలలు ఆగమనడం."

"చదువు రాని పిల్లకి అదీ ఇదీ ఒకటేనే."

చివరికి నా ఉద్యోగం సంగతి చెబితే ఒప్పుకుంది. పక్షపాతం ఉండకూడదని చీటీలు ఆవిడ చేతే తీయించాను. తల్లిదండ్రుల సంతకాల కోసం ఇంటింటికీ తిరిగాను. కాగితంలో ఏముందో చదివి చెప్పబోతే ఒక్కరూ విననివ్వలేదు. "టీచరమ్మగారు చెప్పారు గదండీ, ఇంకేవుంది," అని సంతకం పెట్టేశారు.

రెండో జాబితాలో పడ్డవాళ్ళలో నలుగురు అప్పటికే వరండాకు వస్తున్నవాళ్ళు. అందులో ముగ్గురు మగపిల్లలు, సెలవు ఇచ్చినట్టు సంతోషంగా ఆటకు పోయారు. నాలుగోది ఒక పరుపులు కుట్టే ఆయన కూతురు, అయిదో తరగతి. జూన్ నుంచి ఒక్క రోజు మానకుండా వచ్చింది. మొదటి వారంలోనే పెద్దమ్మను, "మా నిఖా కార్డులు లేవా టీచర్?" అని నిలదీసిందట. పెద్దమ్మ వెతికితే రెండే దొరికాయి. మర్నాడు ఆ పిల్లే వాళ్ళ బాబాయి పెళ్ళికార్డు తెచ్చి అరలో పెట్టింది. నవంబరు మొదటి సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్ల చెప్పులు మెట్టు కింద విప్పి పైకి రాబోయింది. పెద్దమ్మ, "ఇప్పుడు కాదు తల్లీ, ఎండాకాలంలో వద్దువుగాని," అంది. ఆ పిల్ల లోపల కూర్చున్నవాళ్ళను చూసి, "నేనేం చేశాను టీచర్?" అని అడిగింది. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను నోట్‌బుక్కులోకి చూశాను.

జనవరిలో మధ్య పరీక్ష పెట్టాను. బళ్ళో ఒక్కొక్కరినే పిలిచి, ఇంతకుముందు చూడని ఒక పేరా చదివించాలి. ఆ పిల్ల వచ్చి కూర్చుంది. కాగితం తీసుకుని, "మేడం, కార్డు ముక్క ఉందా? లైను కింద పెట్టుకోటానికి," అంది. తర్వాత మెల్లగా, మాట మాటకూ ఆగి, ఆరు వరసలు చదివింది. నవంబరులో ఒక వరస కూడా దాటలేదు. ఆ వయసు పిల్లల్లో నేను చూసిన మంచి చదువు అది. దాన్ని చూసి నాకు కలిగింది కోపం. ఈ మాట రాయడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది.

బడి నుంచి నేరుగా పెద్దమ్మ దగ్గరకు నడిచాను. ఆవిడ వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"ఆ పిల్లకి నువ్వు చెబుతున్నావా?"

"ఏ పిల్లకి?"

"తెలిసి అడక్కు పెద్దమ్మా."

"పొద్దున్నే మజ్జిగకొస్తది. పాలు పొంగేలోపు ఒక కార్డు చదివి పోద్ది. అంతేనే."

"రెండో జాబితా అని చెప్పానా లేదా?"

"చెప్పావు. జూన్లో అది ఆరో తరగతికెళ్తది. హైస్కూల్లో దానికి గుణింతాలు ఎవరు చెబుతారు? నీ జాబితా చెబుద్దా? ఇంకో మూడు నెలలు కూర్చుంటే గట్టెక్కుద్ది."

నా రెండేళ్ళ పని పాడు చేశావన్నాను. ఇది బయటపడితే మొత్తం కొట్టేస్తారని, మళ్ళీ మొదటి నుంచి చేయాలని, ఉద్యోగం పోతుందని అన్నాను. అవన్నీ భయంతో అన్న మాటలు. ఆఖరున, "నీకు నేను కావాలా, ఆ పిల్ల కావాలా?" అని అడిగాను. ముప్పై నాలుగేళ్ళ మనిషిని, పదేళ్ళ పిల్లతో పోటీ పెట్టుకుని అడిగాను.

పెద్దమ్మ చేతిలోని కాయ పూర్తిగా ఈనె తీసి గిన్నెలో వేసింది. "నువ్వు నా చెల్లెలి కూతురివి. నువ్వే కావాలి. వెళ్ళు, బస్సు పోద్ది," అంది.

మర్నాటి నుంచి చెప్పడం మానేసింది. ఆవిడ మాట ఇస్తే అంతే. ఆ పిల్ల ఇంకో వారం మజ్జిగకు వచ్చిందట, పోయించుకుని వెళ్ళిందట. తర్వాత చెంబుతో వాళ్ళమ్మ వచ్చేది. మార్చిలో చివరి పరీక్షకు ఆ పిల్ల కార్డు ముక్క అడగలేదు. రెండు వరసలు చదివి కాగితం నా ముందుకు తోసింది. జనవరి పరీక్ష ఫలితాలను నేను థీసిస్‌లోంచి పూర్తిగా తీసేశాను. అందులో నవంబరు అంకె, మార్చి అంకె మాత్రమే ఉన్నాయి. రెండు జాబితాల మధ్య తేడా నాకు కావలసినంత వచ్చింది.

వేసవిలో రెండో జాబితాకు పాఠాలు మొదలుపెట్టాం. సగంమంది వచ్చారు. ఆ పిల్ల రాలేదు. ఎండాకాలంలో బూరుగుకాయలు పగిలి కొత్త దూది వస్తుంది కనుక పరుపులవాళ్ళకు అప్పుడే పని. ఇంటిల్లిపాదీ ఊరూరా తిరుగుతారు. ఈ మాట పామర్రులో ఎవరినడిగినా చెప్పేవారు. నేను అడగలేదు. వాళ్ళు తిరిగొచ్చేసరికి బళ్ళు తెరిచి నెల దాటింది. ఆ పిల్ల హైస్కూలుకు వెళ్ళనందట. పెద్దమ్మ రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళింది. "చదవమంటే నలుగురిలో సిగ్గంటండి," అన్నదట తల్లి. అక్కడితో ఆ పిల్ల చదువు అయిపోయింది.

థీసిస్ సమర్పించే ముందు గైడుగారితో టీ తాగుతూ ఉన్నప్పుడు, ఇక భయం లేదన్న ధైర్యంతో, జనవరిలో జరిగింది ఒక తమాషాలాగా చెప్పాను. ఆయన బిస్కెట్టు టీలో ముంచి, "అయ్యో, ఆ అమ్మాయిని శాంపిల్లోంచి తీసేస్తే సరిపోయేదిగా అమ్మా. కింద ఒక లైను రాస్తే చాలు. పన్నెండు మందితో అవదా ఏవిటి? అడగాల్సింది," అన్నారు. మెత్తగా అన్నారు. నాలుగేళ్ళలో ఆయన నాతో అంత మెత్తగా మాట్లాడినట్టు గుర్తులేదు. ఆ లైను ఎలా రాయాలో నాకు తెలుసు. మా విద్యార్థులకు అటువంటి సందర్భాల గురించి నేనే పాఠం చెప్పాను. ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడ్డప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు.

డాక్టరేటు వచ్చింది. ఒక ప్రతి బైండు చేయించి పెద్దమ్మకు ఇచ్చాను. ఇంగ్లీషు పుస్తకం గనుక ఆవిడ అట్టలు తడిమి, ముందు పేజీలో తన పేరుకు నేను చెప్పుకున్న కృతజ్ఞత చదివించుకుని, పట్టికలున్న పేజీ దగ్గర ఆగింది. "మన పిల్ల ఎన్నో నంబరే?" అని అడిగింది. పంతొమ్మిది అన్నాను. ఆ తర్వాత ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

రెండేళ్ళ క్రితం పటమటలో ఒక పరుపుల షాపుకు పాత దూది ఏకించడానికి వెళితే, కుట్టుపని చేస్తున్న పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. "మీరు పామర్రు టీచరమ్మగారి చెల్లెలి కూతురు గదండీ." ఆ పిల్ల తండ్రి. కూతురికి గుడివాడలో పెళ్ళి చేశాడట, ఒక బాబు పుట్టాడట. "అల్లుడు మంచోడండి. ఫోను కొనిచ్చాడు. మెసేజీలవీ రాయదు గానండి, మాట్లాడి పంపుద్ది. వినండి," అని వినిపించాడు. "నాన్నా, అన్నం తిన్నావా? మందులేసుకున్నావా? వేసుకోకపోతే నేనొచ్చి వేస్తా చూసుకో." గొంతు హాయిగా ఉంది. నాకు చెప్పుకోదగ్గ దుఃఖమేమీ అందులో దొరకలేదు. ఆయన సూది పక్కన పెట్టి, "మీ పుస్తకంలో మా పిల్ల పేరుందంటగా అండీ. టీచరమ్మగారు చెప్పారు," అన్నాడు. పెద్దమ్మ ఆయన సంతోషం కోసం అబద్ధం చెప్పిందనుకుని, నేనూ ఉందన్నాను. ఆవిడ అబద్ధం చెప్పలేదని మొన్న బుధవారం తెలిసింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ నవంబరు తర్వాత వరండా మునుపటిలా లేదు. టీచరమ్మగారు కొందరినే రమ్మంటారట, కొందరిని పొమ్మంటారట అనే మాట వీధిలో పడింది. రెండో జాబితాలో ఆగమన్న పదముగ్గురి ఇళ్ళల్లోనూ చుట్టాలున్నారు, ఇరుగుపొరుగు ఉన్నారు. పెద్దమ్మ మళ్ళీ ఐదింటికి తలుపు తీసి చాప పరిచింది, దారినపోయే పిల్లల్ని పిలిచింది. తల్లులు నవ్వుతూనే, "రేపు పంపుతాం లెండి," అన్నారు. రెండేళ్ళకు ముగ్గురు మిగిలారు, తర్వాత ఒక్కడు, వాడు పెద్దవాడయ్యాక ఎవరూ లేరు. ఈ పద్ధతిని ప్రతి గ్రామంలోనూ అమలు చేయాలని నా థీసిస్ చివరి అధ్యాయంలో సిఫారసు చేశాను. ఐదు నెలలే కదా అనుకున్నాను. నా వయసు మనిషికి ఐదు నెలలంటే ఒక అధ్యాయం అటో ఇటో. అయిదో తరగతి పిల్లకు ఆ లెక్క వేరని ఎడ్యుకేషనల్ సైకాలజీ చెప్పే నాకు ముందే తెలిసి ఉండాలి. పామర్రులో ఆ వీధిలో ఇప్పుడు చదవడం రాని పిల్లల్ని ఎవరూ పిలిచి కూర్చోబెట్టుకోవడం లేదు.